తాగుడు ఒక్కటే మాన్పిస్తే సరిపోదు

ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు. బొగ్గు బాయిలో పని. మూడేళ్ల కింద పైకప్పు కూలి ఆయన కళ్లముందే తోటి కార్మికుడు చనిపోయాడు. మా ఆయనకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. అంతకుముందు జీతం రోజో, పండుగకో తాగే మనిషి ఇప్పుడు పొద్దున్నే సీసా తీస్తున్నారు. పక్కింట్లో రేకు లాగిన చప్పుడైనా ఉలిక్కిపడి లేస్తారు. నాగాలు పెరిగి వంద మస్టర్లు (హాజరు) కూడా నిండడం లేదు. తెలిసినవాళ్లు అన్నంలో కలపమని బిళ్లలు ఇచ్చారు. కలపమంటారా?
– ఓ సోదరి, గోదావరిఖని

జవాబు: వద్దమ్మా, కలపకండి. అలా ఇచ్చే బిళ్లలు చాలాసార్లు డైసల్ఫిరామ్ అయి ఉంటాయి. అది ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదకూ రావచ్చు. రోగి తెలిసి, ఒప్పుకొని, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకోవాల్సిన మందు అది. పైగా సంగతి బయటపడితే మీరు పెట్టే అన్నాన్ని కూడా ఆయన నమ్మరు.

చిన్న దెబ్బ కూడా తగల్లేదని రాశారు. తగిలిందమ్మా, పైకి కనపడలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు పోయారు. పోయినవాళ్ల లెక్క రికార్డుల్లో ఉంటుంది. పక్కనే ఉండి బతికి బయటికొచ్చినవాళ్లకు ఆ తర్వాత నిద్ర పట్టిందో లేదో ఎవరూ అడగరు. అడగాలి.

కప్పు చప్పుడు చెవిన పడగానే పరుగెత్తడం బాయిలో ప్రాణం కాపాడే అలవాటు. ప్రమాదం చూసిన కొందరిలో ఆ హెచ్చరిక ఇంటికొచ్చినా ఆగదు. అందుకే రేకు చప్పుడుకు లేస్తున్నారు. మద్యం దాన్ని కాసేపు అణుస్తుంది. నడిరాత్రి మత్తు దిగేసరికి గుండెదడ, పీడకలలు ఇంకా ఎక్కువవుతాయి. దాంతో పొద్దున్నే మళ్లీ సీసా. ఆయన తాగేది సరదాకు కాదు, నిద్ర కోసం. అందుకే తిట్లు, ఒట్లు, గుడి ముందు ప్రమాణాలు నాలుగు రోజులకు మించి నిలవవు.

అలాగని ఉన్నట్టుండి మాన్పించకండి. పొద్దున్నుంచే తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి మనిషి తడబడవచ్చు. అది అత్యవసర పరిస్థితి. ఆల్ప్రజోలం కలిపిన కల్లు అలవాటైనవాళ్లకూ ఇదే ప్రమాదం. ఆసుపత్రిలో చేర్చి, బీ1 విటమిన్ ఇంజెక్షన్లతో, మందుల సాయంతో దింపాలి.

‘ముందు తాగుడు మాననీ, భయం సంగతి తర్వాత చూద్దాం’ అంటే నేను ఒప్పుకోను. రెంటికీ కలిపి వైద్యం చేయాలి. భయానికి సెర్ట్రలిన్ వంటి మందులున్నాయి. తాగాలన్న కోరికను తగ్గించడానికి, లివర్ పరీక్ష చూసి, నాల్‌ట్రెక్సోన్ ఇస్తారు. శిక్షణ ఉన్న సైకాలజిస్టు దగ్గర ఆ రోజు జరిగింది కొద్దికొద్దిగా చెప్పుకోవడం అసలు చికిత్స. ఇంట్లో మాత్రం ‘ఏం జరిగిందో చెప్పు’ అని బలవంతపెట్టకండి. మధ్యలో మళ్లీ తాగినా వైద్యం ఆపకండి. మళ్లీ డాక్టర్ దగ్గరికే తీసుకురండి.

సింగరేణి ఏరియా ఆసుపత్రిలో గానీ, రామగుండం మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ అడగండి. ఆయన రానంటే మీరే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వైద్యం కాగితాలన్నీ దాచండి, మస్టర్ల విచారణ వస్తే చూపించవచ్చు. తాగిన రోజు మాత్రం బాయికి పంపకండి.

ప్రశ్న: నాన్న తాగి అమ్మను కొట్టడం చూస్తూ పెరిగాను. ఓబీ (బొగ్గుపై మట్టి తొలగించే) కాంట్రాక్టులో డ్రైవర్‌ను. నైట్ షిఫ్ట్ దిగాక బీరు లేనిదే నిద్ర పట్టడం లేదు. నేనూ నాన్నలాగే అవుతానా?
– ఓ యువకుడు, రామగుండం

జవాబు: అవుతావని రాసిపెట్టి లేదు బాబూ. కానీ భయపడటంలో అర్థముంది. 1998లో అమెరికాలో వెలువడిన ఫెలిట్టి, అండా బృందం అధ్యయనంలో, చిన్నప్పుడు కొట్లాట, హింస, ఇంట్లో తాగుడు వంటివి నాలుగు రకాలో అంతకంటే ఎక్కువో అనుభవించినవాళ్లకు తాగుడు, డిప్రెషన్ వంటి సమస్యల ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని తేలింది. ముప్పు అంటే తలరాత కాదు. రోజూ బీరు లేనిదే నిద్ర రావడం లేదంటే ఇప్పుడే డాక్టర్‌ను కలవాల్సిన సమయం. నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కోకు, బీరుతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. వచ్చేటప్పుడు అమ్మను కూడా తీసుకురా. ఆ దెబ్బలు తిన్నది ఆమె, ఆమెను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.