ప్రశ్నలు - జవాబులు: గూడవల్లివారి చేవ్రాళ్లు

ప్రశ్న: అయ్యా, సినీ దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మంగారంటే నాకు చిన్ననాటినుండి అభిమానం. విజయవాడలో పాత పుస్తకాలమ్మే ఒకాయన, ఆయన సంతకాలున్నవని మూడు వస్తువులు చూపించాడు: 'మాలపిల్ల' పాటల పుస్తకం, 'పల్నాటి యుద్ధం' పాటల పుస్తకం, ఒక పోస్టుకార్డు. మూడూ కలిపి పద్దెనిమిది వేలకు పైసా తగ్గనంటున్నాడు. కొనవచ్చునా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మూడింటిలో ఒకదానిని చేతితో తాకకుండగనే త్రోసిపుచ్చవచ్చును. రామబ్రహ్మముగారు 1946 అక్టోబరు 1న కాలధర్మము నొందిరి. అప్పటికి పూర్తికాని 'పల్నాటి యుద్ధము'ను ఎల్.వి. ప్రసాదుగారు ముగింపగా ఆ చిత్రము 1947లో వెలువడినది. విడుదల నాటి పాటల పుస్తకముపై ఆయన చేవ్రాలు చేయుట ఎట్లు పొసగును? అమ్మువాడు తెలిసి మోసగించుచున్నాడని నే ననను. ఏ అభిమానియో తన పుస్తకముపై తనకిష్టుడైన దర్శకుని పేరు ముచ్చటపడి వ్రాసికొనగా, చేతులు మారిన కొలది అది సంతకముగా చెలామణి యగుట ఈ వ్యాపారములో సర్వసాధారణము.

ఇక 'మాలపిల్ల' పుస్తకము. చిత్రము 1938 నాటిది గనుక కాలము ప్రతికూలము కాదు. కాని సిరా చూడవలెను. బాల్‌పెన్ను 1940ల నడిమికిగాని ప్రపంచపు బజారులోనికి రాలేదు. కావున ఆ చేవ్రాలు 1938లో చేసినదని యాతడు చెప్పుచుండగా, భూతద్దము క్రింద గీతకు నడుమ గాడియు, మలుపులయొద్ద చిన్న చిన్న ముద్దలును కనబడెనేని, ఆ సంభాషణ నంతటితో ముగింపుడు. ఫౌంటెను కలముతో వ్రాసినదైనచో సిరా కాగితములోనికి కొంత యింకి, గీత అంచులు మెత్తబడి యుండును. అంతకంటె మేలైన పరీక్ష మరియొకటి కలదు. అట్టి పుస్తకములు తరచుగా నడిమికి మడతపడి యుండును. చేవ్రాలు ఆ మడతను దాటిపోయినచో, ఆ దాటినచోట నిదానముగా చూడుడు. కాగితము చిట్లి పీచు లేచినచోట సిరా ప్రక్కలకు ప్రాకి మరకవలె నల్లబడినచో, మడత ముందు, చేవ్రాలు తరువాత. గీత నిండుగా వచ్చి మడతతోపాటు తానును పగిలినచో, చేవ్రాలే ముందు. ఎనుబది యేండ్ల మడతలో నిన్నటి సిరాను దాచుట కష్టము.

అచ్చు చేవ్రాలును గూర్చి కూడ హెచ్చరింపవలసి యున్నది. పెద్దల సంతకమును బ్లాకు చేయించి అచ్చువేయుట ఆనాటి ముద్రణాలయములలో వాడుక. అట్టిదానిలో సిరా అంతటను ఒకే తీరుగ నుండును. పాళీ పైకి పోవునపుడు సన్నము, క్రిందికి దిగునపుడు లావు అను సహజమైన తేడా చొప్పున నల్లదనము మారదు. పుట వెనుక కలపు ఒత్తిడియు తగులదు.

నాకు ఆశ యున్నది ఆ పోస్టుకార్డు మీదనే. రామబ్రహ్మముగారు చిత్రరంగమునకు నటుడుగనో ధనికుడుగనో వచ్చినవారు కారు. 'సమదర్శిని', 'ప్రజామిత్ర' పత్రికలను నడిపి, అక్షరముతో సంఘమును కదలింపవచ్చునని నమ్మి, ఆ నమ్మకమునే వెండితెరకు తరలించి, చల్లపల్లి రాజావారి అండతో సారథి ఫిలిమ్సును నెలకొల్పి, చలముగారి కథకు తాపీ ధర్మారావుగారి మాటలను, అప్పటికే దివంగతులైన బసవరాజు అప్పారావుగారి గేయములను జతపరచి 'మాలపిల్ల'ను, ఆ మరుసటి యేడు జమీందారుల ఆగ్రహమునకు గురియైన 'రైతుబిడ్డ'ను తీసినవారు. (జమీందారీ దౌష్ట్యమును చూపు చిత్రమునకు ఒక జమీందారే పెట్టుబడి పెట్టుట తెలుగు సినిమా చరిత్రలో నాకు మిక్కిలి ప్రీతికరమైన వింత.) ఇట్టివాని చేతివ్రాత అభిమానుల ఆటోగ్రాఫు పుస్తకములలోకంటె పనికాగితములలో హెచ్చుగ దొరకవలెను: రచయితకు వ్రాసిన కార్డు, దిద్దిన ప్రూఫు, ఒప్పందపు కాగితము. ఏదో యొక విషయము చెప్పుచున్న కాగితము క్రింది చేవ్రాలు, వట్టి చేవ్రాలుకంటె పదింతలు విలువైనది. ఏలయన, చెప్పిన విషయమే దానికి సాక్ష్యము పలుకును.

కార్డుపై తపాలాముద్ర తేదీ చదువుడు. ఆ తేదీకి ఆయన ఎచ్చట, ఏ పనిలో నుండెనో సరిచూడుడు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉన్నచో, అది 1972 ఆగస్టు 15నాడు పుట్టినదని జ్ఞప్తియందుంచుకొనుడు. అతినీలలోహిత దీపము క్రింద కాగితము నీలితెలుపుగా మెరసెనేని, అందు కలసిన తెల్లదనపు రసాయనము ఆయన జీవితకాలమునకు తరువాతిది. ఇవి యన్నియు గడచినపిమ్మట, సందేహము లేని ఒక నమూనాతో వ్రాతను పోల్పవలెను. వేటపాలెము సారస్వత నికేతనమువంటి పాత గ్రంథాలయముల వారిని, ఆనాటి రచయితల కుటుంబముల వారిని వినయముగా అడిగినచో త్రోవ దొరకును. ఈ కార్డు ఎవరి యింటినుండి వచ్చినదో అమ్మువానిని అడుగుడు. "ఏదో కాటాకు వేసిన కట్టలో దొరికిందండీ" అనినచో అది అబద్ధము కాకపోవచ్చును గాని, ధర మాత్రము దానికి తగినట్లు తగ్గవలెను. నేనైతే కార్డొక్కటే బేరమాడుదును.

ప్రశ్న: మా నాన్నగారు 'ప్రజామిత్ర'కు వ్యాసాలు రాసేవారు. సంపాదకుడు రామబ్రహ్మంగారి ఉత్తరాలు నాలుగు, కొన్ని సంచికలు నా దగ్గర మిగిలాయి. అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. లామినేషన్ చేయించమని పక్కింటివారు అంటున్నారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి తనకు పంపెయ్యమంటున్నాడు, పుస్తకంగా వేయిస్తాడట.
- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు

జవాబు: అమ్మా, లామినేషను మాట మరల తలపెట్టకుడు. వేడితో అంటించిన ఆ పొరను కాగితము చిరగకుండ తీయుట దుస్సాధ్యము. సెల్లోటేపును కూడ దగ్గరకు రానీయకుడు. దాని జిగురు కొన్నాళ్లకు గోధుమరంగు మరకయై అక్షరముమీదికి ప్రాకును. చౌక కాగితమును కొయ్యగుజ్జుతో చేయుదురు. అందలి ఆమ్లమే దానిని లోపలినుండి తినుచుండును. కావున ఆమ్లము లేని కాగితపు మడతలలో ఒక్కొక్క ఉత్తరమును విడివిడిగా పరపి, అట్టపెట్టెలో పెట్టి, వెలుతురు తగులని నడిమిగది బీరువాలో నుంచుడు. వంటయింటి గోడకానుకొని యున్న బీరువా వలదు. వేపాకు వేయదలచినచో బాగుగా ఎండినది వేరే గుడ్డమూటగ ఉంచవలెనే గాని, పచ్చియాకు పుటల నడుమ పెట్టినచో తేమయు మరకయు రెండును దక్కును. పటము కట్టించి వరండాలో వ్రేలాడదీయుట చూచెడివారికి ముచ్చటయే గాని, ఎండకు సిరా వెలసిపోవును. చూపుటకు చక్కని నకలు చాలును.

అబ్బాయికి పంపుట తొందరపడి చేయవలసిన పని కాదు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము, చారిత్రక లేక సాహిత్య ప్రాధాన్యము కలిగి 75 ఏండ్లు దాటిన వ్రాతప్రతులు, పత్రములు దేశము దాటరాదు. మీ ఉత్తరములు ఆ వయస్సు దాటినవే. భారత పురావస్తు సర్వేక్షణశాఖ వారిని సంప్రదింపక పార్సిలు కట్టకుడు. అతనికి మేలైన స్కాను ప్రతులు పంపుడు.

ఇక పుస్తకము. ఉత్తరము మీదే గాని, అందలి మాటలపై హక్కు వ్రాసినవారి వారసులది. రచయిత జీవించియుండగా అచ్చుకాని రచనకు హక్కుల గడువు ప్రచురణనాటినుండి లెక్కింపబడును గనుక, "ఆయన పోయి అరువదియేండ్లు దాటినవి గదా" అను వాదము ఇచ్చట చెల్లదు. వారసుల అనుమతి వ్రాతమూలముగ తీసికొనుడు. మీ నాన్నగారి వ్యాసములు వచ్చిన సంచికలను ఉత్తరములనుండి వేరుచేసి అమ్మకుడు. ఏ వ్యాసమునుగూర్చి సంపాదకుడు ఏమనెనో ప్రక్కప్రక్కన చూపగలిగిన కట్ట మిక్కిలి అరుదు.

ప్రశ్న: 'సారథి స్టూడియోస్, హైదరాబాదు' అని అచ్చయిన లెటర్‌హెడ్ మీద రామబ్రహ్మంగారి సంతకం కొన్నాను. అమ్మినవారు ధ్రువపత్రం కూడా ఇచ్చారు. మీ అభిప్రాయం?
- ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: రామబ్రహ్మముగారి సారథి ఫిలిమ్సు మద్రాసులోనిది. హైదరాబాదు స్టూడియో ఆయన గతించిన సుమారు పదియేండ్లకు వెలసినది. ధ్రువపత్రములో, వస్తువు నకిలీయని తేలినచో సొమ్ము తిరిగి చెల్లింతుమను వాక్యమును, దాని గడువును వెదకుడు. గడువు మిగిలియున్నచో ఈ వారముననే స్పీడ్ పోస్టులో ఉత్తరము వ్రాసి, రసీదు భద్రపరచుకొనుడు.