ట్రాక్టరు టైరులలో గాలి ఎంత యుండవలెను?

బండిచక్రమునకు ఇనుపపట్టా బిగించునపుడు కమ్మరి యెంత జాగ్రత్త వహించునో రైతులందఱకును తెలిసినదే. పట్టా వదులైన యెడల ఆకులు కదలును. మిక్కిలి బిగువైన యెడల పూటీలు పగులును. ఆ జాగ్రత్తలో పదియవ వంతైనను ట్రాక్టరు టైరులోని గాలి విషయమున మనము చూపుట లేదు. గ్రామములలో ప్రదర్శనలకు పోయినపుడు “టైరులో గాలి యెంత యున్నది?” యని మే మడిగినచో, “నిండుగా నున్నది” యను జవాబే తఱచుగా వచ్చును. నిండుగా ననునది కొలత కాదు. ముఖ్యముగా ఇంజను బలము ముందు చక్రములకు గూడ నందునట్టి, డ్రైవర్లు ఫోర్ వీల్ డ్రైవు అని పిలుచు ట్రాక్టరులు మన పొలములలో పెరుగుచున్న యీ దినములలో, గాలిని కొలిచి యుంచుట ప్రతి రైతును నేర్వవలసిన పాఠము. ఖరీదు పెట్టి కొన్న బలము నేలకు అందుటయు అందకపోవుటయు దానిపైననే యాధారపడి యున్నది.

1. గాలి చేయు పని

బరువును మోయునది రబ్బరు కాదు; రబ్బరులో బంధింపబడిన గాలి. వెనుక చక్ర మొకదానిపై 900 కిలోల బరువున్న దనుకొందము. చదరపు అంగుళమునకు 14 పౌనుల గాలి యనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 1 కిలో ఒత్తిడి. కావున ఆ టైరు 900 కిలోలను మోయుటకు సుమారు 900 చదరపు సెంటీమీటర్ల నేలను తాకవలెను. అదే టైరులో 28 పౌనుల గాలి కొట్టించినచో 450 చదరపు సెంటీమీటర్లు తాకిన చాలును. టైరు గోడల బిరుసును బట్టి యీ లెక్క కొంత మారును గాని సూత్రము మారదు. గాలి హెచ్చిన కొలది నేలను తాకు భాగము తగ్గును, ఆ కొద్ది భాగముపై ఒత్తిడి హెచ్చును, పట్టు సడలును.

గాలి టైరును 1888లో బెల్ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు సైకిలు చక్రములకై నిర్మించెను. ట్రాక్టరులు మాత్రము చాలకాలము ఇనుప చక్రములపైననే నడచినవి. 1932లో అమెరికాలోని ఆలిస్-చామర్స్ కంపెనీవారు తక్కువ గాలితో నడచు రబ్బరు టైరులను ట్రాక్టరులకు అమర్చి అమ్మజొచ్చిరి. నేలపై వెడల్పుగా పఱచుకొని, మెత్తగా పట్టి లాగుటయే ఆ టైరుయొక్క గుణము. దానిని రాయివలె గట్టిపడునట్లు గాలితో నింపినచో మరల ఇనుప చక్రమునే చేసికొన్నట్లగును.

2. నేలకు కలుగు నష్టము

400 కిలోల యెద్దును తీసికొనుడు. ఒక్కొక డెక్క 75 చదరపు సెంటీమీటర్లు నేలను తాకుననుకొన్న, నాలుగు డెక్కలు 300. అనగా చదరపు సెంటీమీటరునకు కిలోకు పైగా ఒత్తిడి. ఇది తగిన గాలిగల ట్రాక్టరు టైరు ఒత్తిడికి తక్కువ కాదు. అయినను తరతరములుగా ఎద్దులు త్రొక్కిన పొలము లోతున గట్టిపడలేదు. కారణ మేమనగా, పైమట్టికి కలుగు బాధ ఒత్తిడిని బట్టి యుండును. లోతుమట్టికి కలుగు బాధ ఇరుసుమీది మొత్తము బరువును బట్టి యుండును. గాలి తగ్గించినచో పైమట్టిని కాపాడవచ్చును. కాని ధాన్యము నిండిన ట్రక్కును తడిపొలములోనికి దింపినచో, గాలి యెంత తగ్గించినను లోతునేల నలుగక మానదు. ఈ రెండును వేర్వేఱు దోషములని గుర్తుంచుకొనవలెను.

దమ్ముచేసిన వరిమడిలో అడుగున కొంత గట్టిపొర యుండుట నీరు ఇంకిపోకుండుటకు మేలే. కాని కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి తరువాత అదే మడిలో మినుము, పెసర, మొక్కజొన్న వేయుచున్నారు. వీని వేళ్లు ఆ పొరను దాటి క్రిందితేమను అందుకొనవలెను. వరికోత యంత్రమును, ధాన్యపు ట్రక్కును తడియారకముందే మడిలో తిరిగినచో, ఆ చాళ్లవెంట మినుము గిడసబాఱి నిలుచుట మీరు చూచియే యుందురు. అట్టి తావున పారతో మూరెడు లోతు గుంట తీసి వేళ్లను చూడుడు. తల్లివేరు జానెడు లోతున అడ్డముగా తిరిగియున్న, అచ్చట గట్టిపొర యేర్పడినదని తెలియును.

ఒకే చాలున చక్రము పలుమార్లు పోయినను, నష్టములో పెక్కుభాగము మొదటి పర్యాయముననే కలుగును. కావున పొలమంతట తిరుగుటకంటె పోయిన చాలుననే పోవుట మేలు. ట్రాక్టరును దింపుటకు ముందు నాగలి పోవు లోతునుండి పిడికెడు మట్టి తీసి పిసికి, బొటనవ్రేలితో నొక్కుడు. పొడియై రాలినచో పదును సరిగా నున్నది. సాగి వ్రేలికి అంటుకొన్నచో రెండుమూడు దినములు ఆగవలెను. తడిసిన రేగడినేలకు ఏ టైరును మంచిది కాదు.

3. ముందు బరువు, తరువాత గాలి

గాలి యెంత యుండవలెనో తెలియుటకు చక్రముపై బరువెంతయో ముందు తెలియవలెను. ఊహ పనికిరాదు. బియ్యపు మిల్లులవద్దను ప్రత్తి మిల్లులవద్దను వేబ్రిడ్జి కాటాలు గలవు. అచ్చట ఈ క్రమమున తూచుడు.

మొదట: నాగలి లేక రోటవేటరు తగిలించి, పైకెత్తి, వెనుక ఇరుసును మాత్రము కాటాపై నిలిపి తూచుడు. పనిముట్టు పైకి లేచినపుడే వెనుక టైరులపై బరువు హెచ్చు.

రెండవది: పనిముట్టును దింపి, ముందు ఇరుసును మాత్రము తూచుడు. ముందుభాగమున అదనపు దిమ్మలు కట్టియున్న వానితోనే తూచుడు.

మూడవది: ఒక్కొక యిరుసు బరువును రెండుచే భాగింపుడు. అది చక్ర మొకదానిపై పడు బరువు.

ముందు చక్రములు చిన్నవై, నాలుగును లాగు ట్రాక్టరునకు మొత్తము బరువులో సుమారు 40 వంతులు ముందును, 60 వంతులు వెనుకను ఉండుట మంచిది. ముందు బరువు చాలనిచో ముందు చక్రములు ఊరక గీరుకొనును, బలము వృథాయగును.

బరువు తెలిసిన పిమ్మట, టైరు కంపెనీవారి పట్టికలో ఆ పరిమాణపు టైరునకు, ఆ బరువునకు, ఆ వేగమునకు ఎంత గాలి వ్రాసియున్నదో చూడుడు. ట్రాక్టరుతో వచ్చు పుస్తకమునందును ఇది యుండును. టైరు ప్రక్కగోడపై 14.9-28 అని యున్న, మొదటి అంకె టైరు వెడల్పును, రెండవది రిమ్ము వ్యాసమును అంగుళములలో తెల్పును. వాడుకలోనున్న పెక్కు వెనుక టైరులకు పొలము పనిలో 12 మొదలు 16 పౌనుల వఱకు గాలి సరిపోవును. ముందు టైరులు చిన్నవి గాన వానికి కొంత యెక్కువ కావలెను. అయినను పట్టికయే ప్రమాణము. బరువునకు పట్టిక చెప్పినదానికంటె తగ్గించినచో టైరు గోడలు మడిగి నలిగి పగులును. రిమ్ముపై టైరు తిరిగి ట్యూబు తెగును.

రేడియల్ టైరులు సరియైన గాలితోనే ప్రక్కల ఉబ్బి కనబడును. దానిని చూచి గాలి తక్కువయని భ్రమపడి మరింత కొట్టించుట తప్పు. కంటిని నమ్మక గేజిని నమ్ముడు.

4. కొలుచు పద్ధతి

లారీలకు వాడు గేజిపై 2 పౌనుల తేడా స్పష్టముగా కనబడదు. తక్కువ ఒత్తిడిని కొలుచు గేజిని ప్రత్యేకముగా కొనవలెను.

ఉదయము బండి కదలకముందు, టైరు చల్లగా నున్నపుడు కొలువుడు. 30 పౌనుల టైరులోని గాలి 10 సెంటిగ్రేడు డిగ్రీలు వేడెక్కిన ఒత్తిడి సుమారు పౌనున్నర హెచ్చును. మన వేసవిలో మధ్యాహ్నము కొలిచి, ఎక్కువయున్నదని గాలి వదలినచో, మఱునాటి యుదయమునకు తక్కువ పడును.

టైరులో నీరు నింపియున్న, వాల్వు పైకి వచ్చునట్లు చక్రమును త్రిప్పి కొలువుడు. లేనిచో నీరు గేజిలోనికి పోవును. ఒకే యిరుసుయొక్క కుడి యెడమ టైరులలో గాలి సమానముగా నుండవలెను. కొలిచిన వెంటనే వాల్వుమూత బిగింపుడు.

క్రొత్త టైరును రిమ్ముపై కూర్చుండబెట్టునపుడు 35 పౌనులకు మించి గాలి కొట్టరాదు. టైరుకు ఎదురుగా నిలువక, పొడుగాటి గొట్టముతో ప్రక్కనుండి గాలి పెట్టవలెను. టైరు పగిలి ప్రాణములు పోయిన సందర్భములు కలవు.

5. జారుడును కొలువుడు

గాలియు బరువును సరిపోయినవా లేదా యని పొలమే చెప్పును. వెనుక టైరుపై సున్నముతో గీత గీయుడు. పనిముట్టును పైకెత్తి, పనిచేయు పొలములోనే నడిపించి, చక్రము 10 చుట్లు తిరుగుటకు బండి పోయిన దూరమును కొలువుడు. అది 40 మీటర్లనుకొందము. తరువాత పనిముట్టును నేలలో దింపి, అదే గేరులో మరల 10 చుట్లు కొలువుడు. 34 మీటర్లు వచ్చినచో 6 మీటర్లు జారినది. అనగా నూటికి 15 వంతులు.

నాలుగు చక్రముల బలముగల ట్రాక్టరునకు నూటికి 8 మొదలు 12 వఱకును, రెండు చక్రములదానికి 10 మొదలు 15 వఱకును జారుట సహజము. అంతకు మించిన డీజిలు నేలపాలగుచున్నది. అంతకు మిక్కిలి తక్కువైన, బండి అనవసరపు బరువును మోయుచున్నది. చక్రపుజాడయు దీనిని తెల్పును. టైరుగట్ల అచ్చు పూర్తిగా చెరగిపోయిన జారుడు ఎక్కువ; అచ్చు పోసినట్లు చెక్కుచెదరకున్న బరువు ఎక్కువ; మధ్యన అచ్చు కనబడుచు గట్ల అంచులు కొంత విరిగియున్న సరియైన స్థితి.

ఈ లెక్క రైతు సంచికి సంబంధించినది. జారుడు నూటికి 10 ఉన్నపుడు 8 గంటలలో ముగియు దుక్కి, జారుడు 20 అయినపుడు 9 గంటలు పట్టును. గంటకింతయని బాడుగ యిచ్చువాడు ఆ తొమ్మిదవ గంట సొమ్మును టైరు జారుటకే చెల్లించుచున్నాడు.

6. నాలుగు చక్రముల బలమునకు ప్రత్యేక నియమములు

ఇట్టి ట్రాక్టరులో ముందు వెనుక చక్రములు పండ్లచక్రములచే ఒకదానితో నొకటి ముడివడి యున్నవి. ముందువి వెనుకవానికంటె స్వల్పముగా, నూటికి కొద్దివంతులు మాత్రము, త్వరగా తిరుగునట్లు ఏర్పాటు చేయబడినవి. ముందు టైరులలో గాలి మిక్కిలి తగ్గినను, అరిగినవానికి బదులు వేఱు పరిమాణముగల టైరులు వేసినను, ఈ పొత్తు చెడును. అపుడు ఒక జత మరియొక జతను ఈడ్చుచుండును. కావున టైరులు మార్చునపుడు పుస్తకమున చెప్పిన జతనే వేయవలెను.

గట్టిరోడ్డుపై ముందు చక్రముల బలమును తప్పక తీసివేయవలెను. మెత్తనినేలలో చక్రములు కొంత జారి యీ తేడాను సరిచేసికొనును. రోడ్డుపై జారుటకు వీలులేక గేర్లు బిగుసుకొనును. టైరులు గీరుకొని అరుగును.

బరువు లాగునపుడు ట్రాక్టరు లయబద్ధముగా ఎగురుచున్నచో, మొదట నాలుగు టైరులలోని గాలిని పట్టిక ప్రకారము సరిచేయుడు. అప్పటికిని ఎగిరిన, ముందు టైరులలో 2 పౌనుల చొప్పున హెచ్చించి చూడుడు.

7. పొలమునకొకటి, రోడ్డునకొకటి

పొలమునకు సరిపోవు తక్కువ గాలితో, నిండు ట్రక్కును కట్టి రోడ్డుపై వేగముగా పోవుట అపాయకరము. టైరు వేడెక్కును; బండి ఊగును. రోడ్డునకు తగిన గాలితో పొలములో దిగిన నేల నలుగును. దీనికి ఉపాయము పనులను జతపఱచుకొనుట. దుక్కిపనులన్నియు ఒక వారములోను, రవాణా పనులన్నియు మఱియొక వారములోను పెట్టుకొన్న, గాలి మార్చుట వారమున కొకమారు చాలును. రెండును ఒకేదినమున తప్పనిచో రోడ్డుపని గాలినే యుంచి, తడిపొలములో దిగుట మానవలెను.

తోటలకు పోవు జీపులకును ఈ సూత్రమే. తలుపు చట్రముపై వ్రాసిన ఒత్తిడిని చల్లని టైరులో పెట్టుడు. ఏటి యిసుకలో 18 పౌనుల వఱకు తగ్గించి, మెల్లగా, ఒక్కుమ్మడిగా మలుపులు త్రిప్పక పోవచ్చును. రోడ్డెక్కగానే మరల నింపవలెను. ట్రెడ్డుపై అడ్డముగా సుద్దగీత గీసి తిన్నని రోడ్డుపై కొంతదూరము నడిపిన, మధ్య మాత్రము చెరిగినచో గాలి ఎక్కువ, అంచులు మాత్రము చెరిగినచో తక్కువ.

8. సంఘములు చేయదగినది

ట్రాక్టరులను బాడుగకిచ్చు సహకార సంఘములు ఒక చిన్న గాలిమిషనును, తక్కువ ఒత్తిడి గేజిని, టైరు పట్టికను షెడ్డులో నుంచవలెనని మా మనవి. గోడమీది పలకపై ప్రతి సోమవారమును నాలుగు టైరుల ఒత్తిడిని, చేయబోవు పనిని, డ్రైవరు సంతకమును వ్రాయింపవలెను. డ్రైవరు జీతము గంటలనుబట్టి యున్న, జారుడు తగ్గించుటకు అతనికి లాభము లేదు. అట్టిచోట బాడుగను ఎకరము లెక్కకు మార్చుట యోచింపదగినది.

సంఘముతో నిమిత్తము లేకుండ ప్రతి రైతును చేయగల పని యొకటి కలదు. ట్రాక్టరు గట్టుదాటి మడిలో దిగకముందే టైరులలో గాలి యెంతయో గేజితో చూపుమని యడుగుడు. బాడుగ యిచ్చువానికి ఆ హక్కు కలదు. టైరు అరిగిన క్రొత్తది కొనవచ్చును. లోతున గట్టిపడిన నేల మరల వదులగుటకు ఏండ్లు పట్టును, అంతవఱకు ఆ నష్టము ప్రతి పంటలోను మనమే భరింపవలెను.