ఊపిరితిత్తి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏండ్లు. ఎన్నడును పొగ త్రాగి యెరుగరు. కుడి ఊపిరితిత్తి పైభాగమును మూడు వారముల క్రిందట కోసి తీసివేసినారు. కణితి 1.8 సెంటీమీటర్లు, గ్రంథులకు ప్రాకలేదన్నారు. నివేదికలో ‘ఎడినోకార్సినోమా: ఎసినార్ 70 శాతము, లెపిడిక్ 20, మైక్రోపాపిలరీ 10’ అని యున్నది. వీనిలో ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియదు. ఎంతకాలము బ్రతుకుదురని వైద్యుని అడుగుటకు నోరు రాలేదు. – ఒక కుమార్తె, రాజమహేంద్రవరము

జవాబు: అమ్మా, మీరు అడుగలేకపోయిన మాట శస్త్రచికిత్స జరిగిన ప్రతి యింటను గుండెలలో మెదలునదియే గనుక సంకోచింపక చెప్పెదను. ఊపిరితిత్తి క్యాన్సరను ఒక్క పేరు క్రింద స్వభావమున పొంతన లేని పెక్కు వ్యాధులు చేరియున్నవి. పొరుగింట జరిగినదానిని బట్టి మీ యింట జరుగబోవుదానిని ఊహించుట తగదు. రోగి భవితవ్యమును తేల్చువానిలో అగ్రస్థానము వ్యాధి దశది. రూపభేదము దాని తరువాతిది. కణితి 1 సెంటీమీటరు దాటి 2 సెంటీమీటర్లకు మించక, గ్రంథులకు సోకక, ఊపిరితిత్తి పైపొరను చీల్చక, కోసిన అంచున కణములు మిగులక యున్నచో అది మొదటి దశలోని ‘ఏ2’ విభాగము. శస్త్రచికిత్సానంతర పరీక్షలో ఇట్లు తేలినవారిలో నూటికి సుమారు 85 మంది 5 ఏండ్ల తరువాతను జీవించియున్నారని అంతర్జాతీయ గణాంకములు తెలుపుచున్నవి.

ఇక రూపభేదముల మాట. లెపిడిక్ అనునది వాయుకోశముల గోడల వెంబడి పందిరిపై తీగవలె ప్రాకునే గాని గోడను ఛేదింపదు. కావుననే అది అన్నిటను సౌమ్యము. ఎసినార్, పాపిలరీ మధ్యమములు; సాలిడ్, మైక్రోపాపిలరీ ఉగ్రములు. 2020లో నిపుణులు ఏర్పరచిన కొలమానము ననుసరించి ఉగ్రభాగము 20 శాతము గాని అంతకు మించి గాని యున్నచో మూడవ తరగతి. మీ తండ్రిగారి కణితిలో ఎసినార్ ప్రధానము, ఉగ్రభాగము 10 శాతమే గనుక రెండవ తరగతి. అయినను ఆ కొంచెమును ఉపేక్షింపరాదు. కణితికి వెలుపలి వాయుకోశములలో విడివడిన కణములు కనబడినవా యని వైద్యుని అడుగుడు. కనబడినచో తిరుగబెట్టు అవకాశము హెచ్చును. ఈ దశలో సాధారణముగా మందులు అవసరపడవు. మొదటి రెండు మూడేండ్లు ఆరు మాసములకొకసారి, పిమ్మట ఏటేట సీటీ స్కాను తీయించుట మాత్రము మానరాదు. అంకెలు సమూహములవి, మీ నాన్నగారు ఒక్కరు. ఆ 85 మందిలో ఆయన యుందురని ఆశించుటకు నివేదికయే మీకు ఆధారమగుచున్నది.

ప్రశ్న: నాకు 34 ఏండ్లు. తీసివేసిన కణితి ‘టిపికల్ కార్సినాయిడ్’ అన్నారు. కీమోథెరపీ వలదన్నారు. నన్ను వదలివేసినారా? – ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మము

జవాబు: నాయనా, వదలివేయలేదు; మీకు అక్కర లేదు గనుక ఈయలేదు. సూక్ష్మదర్శిని క్రింద 2 చదరపు మిల్లీమీటర్ల మేర విభజన చెందుచున్న కణములు రెండింటికంటె తక్కువగా నుండి, మృతకణజాలము లేనిదే టిపికల్. దీనిని పూర్తిగా తొలగించినపుడు నూటికి 90 మందికి పైగా 5 ఏండ్లు దాటుదురు. విభజనలు 2 మొదలు 10 వఱకునున్న ఎటిపికల్ జాతి గ్రంథులకు ప్రాకు స్వభావము కలది. మీది మొదటిదే యైనను, చాల యేండ్లకు తిరిగి తలయెత్తుట కలదు గనుక పరీక్షలు దీర్ఘకాలము సాగవలెను.

ప్రశ్న: మా వారికి స్క్వామస్ జాతి, 4 సెంటీమీటర్ల కణితి, ఊపిరితిత్తి మొదటనున్న ఒక గ్రంథికి సోకినది. ఎడినో కంటె ఇది మేలా? కోసి తీసినారు గదా, ఇంక చుట్ట మాని లాభమేమని ఆయన యనుచున్నారు. – ఒక ఇల్లాలు, అనకాపల్లి

జవాబు: తల్లీ, సమానమైన దశలో జాతిని బట్టి ఒకదానిని మేలని నిశ్చయింపరాదు. ఇది రెండవ దశలోని ‘బీ’ విభాగము. 5 ఏండ్లు దాటువారు నూటికి సుమారు 56 మంది. శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ తీసికొన్నచో నూటికి సుమారు మఱి ఐదుగురు బ్రతుకుచున్నారు గనుక శరీరము తాళగలిగినచో దానిని కాదనవలదు.

చుట్ట విషయమున మీవారికి ఒక వృత్తాంతము చదివి వినిపింపుడు. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఎవార్ట్స్ గ్రేహామ్ అను శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన ఊపిరితిత్తి నొకదానిని పూర్తిగా తొలగించి రోగిని బ్రతికించెను. స్వయముగా వైద్యుడైన ఆ రోగి దాదాపు 30 ఏండ్లు జీవించెను. ధూమపానమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును 1950లో వెల్లడించిన పరిశోధకులలో ఒకడైయుండియు, చిరకాలము సిగరెట్లు కాల్చి ఆలస్యముగా మానిన గ్రేహామ్ 1957లో అదే వ్యాధికి బలియై, తాను బ్రతికించినవాని కంటె ముందుగా పోయెను. మానినచో మిగిలిన ఊపిరితిత్తిలో రెండవ క్యాన్సరు పుట్టుటయు, ఉన్నది తిరుగబెట్టుటయు తగ్గును, గుండెకును మేలగును. చుట్టల కట్ట నేడే యింటినుండి పంపివేసి, రాబోవు పరీక్షనాటికి మానితినని వైద్యునితో ఆయన నోటనే చెప్పింపుడు.