ఆంగ్ల సంభాషణలో లయ - వాక్యంలో ఊనిక

జడ్చర్ల పరిసర గ్రామాలనుండి వచ్చి చదువుకొనే విద్యార్థులలో పలువురు ఆంగ్ల వ్యాకరణంలో మంచి మార్కులే తెచ్చుకొంటారు. అయినా ఇంటర్వ్యూలో వారు చెప్పిన దోషరహితమైన వాక్యం ఒక్కొక్కప్పుడు ఎదుటివారికి అందదు. "మరొకసారి చెప్పండి" అనగానే తమకు ఇంగ్లీషు రాదని వారు కుంగిపోతారు. నిజానికి లోపం వ్యాకరణంలో లేదు, లయలో ఉన్నది.

తెలుగు ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఎనిమిదవ శతాబ్దంలో బస్రా పండితుడు ఖలీల్ ఇబ్న్ అహ్మద్ క్రమబద్ధం చేసిన అరూజ్ శాస్త్రమే ఉర్దూ గజలుకూ ఆధారం. అదీ హ్రస్వదీర్ఘాల అమరికనే పాటిస్తుంది. ఇంగ్లీషు లయకు ఆధారం వేరు. అక్కడ ప్రధానమైనది ఊనిక.

"బాయ్స్ ప్లే క్రికెట్" అనే వాక్యంలో ఊనికలు మూడు. "ద బాయ్స్ ఆర్ ప్లేయింగ్ క్రికెట్" అన్నప్పుడూ మూడే. కొత్తగా చేరిన 'ద', 'ఆర్', 'ఇంగ్' అనేవి తేలికగా, పొట్టిగా దొర్లిపోతాయి. మనం వాటినీ తక్కిన వాటితో సమానంగా ఒత్తి పలుకుతాము. అందువల్ల వినేవారికి ముఖ్యమైన మాట ఏదో తెలియదు. అమెరికా భాషావేత్త కెన్నెత్ పైక్ 1945లో భాషల లయను ఊనికను బట్టి నడిచేది, అక్షరాన్ని బట్టి నడిచేది అని రెండుగా విభజించాడు. ఊనికల నడుమ కాలం కచ్చితంగా సమానం కాదని తరువాతి పరిశోధకులు కొలిచి చెప్పారు. అయినా ఊనికలేని అక్షరాలు కుదించుకొనిపోవడం ఇంగ్లీషు స్వభావమే.

సాధారణంగా నామవాచకాలు, ప్రధాన క్రియలు, విశేషణాలు ఊనికను పొందుతాయి. ఆర్టికల్సు, ప్రిపొజిషన్లు, సహాయక క్రియలు పొందవు. అయితే ఉద్దేశాన్ని బట్టి ఊనిక స్థానం మారుతుంది. "ఐ వెంట్ టు కర్నూల్ యెస్టర్డే" అనే వాక్యంలో 'ఐ'ని ఊనితే "వెళ్ళినది నేనే", చివరి మాటను ఊనితే "వెళ్ళినది నిన్ననే" అని అర్థం. తెలుగులో ఏకారమూ, ఉర్దూలో 'హీ' అనే మాటా చేసే పనిని ఇంగ్లీషులో గొంతు చేస్తున్నది.

హైదరాబాదులో 1958లో వెలసిన ఆంగ్ల భాషా సంస్థే నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. అక్కడి ఆచార్యుడు ఆర్. కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతున్నదో పరిశీలించి 1969లో గ్రంథం ప్రకటించాడు. అర్థంకాకపోవడానికి ఆయన గుర్తించిన కారణాలలో ఊనిక, లయల లోపం కూడా ఉన్నది.

కాబట్టి విద్యార్థులారా! వేగంగా మాట్లాడటమే ఇంగ్లీషు అని భ్రమపడకండి. దొరలను అనుకరించనూ అక్కరలేదు. రోజుకు ఐదు వాక్యాలు తీసుకొని, ముఖ్యమైన మాటల క్రింద గీత గీయండి. గీత ఉన్నచోట బల్లపై వ్రేలితో తట్టుతూ బిగ్గరగా చదవండి. మీకు వచ్చిన ఇంగ్లీషే అప్పుడు ఎదుటివారికి వినబడుతుంది.