ఫీడ్ స్టోర్‌లో కొన్న కోడిపిల్ల ఏ జాతిదో పోల్చుకోవడం ఎలా?

వసంతం వచ్చిందంటే అమెరికాలోని ఫీడ్ స్టోర్లలో తొట్ల నిండా కోడిపిల్లలే. పెరట్లో నాలుగు పెట్టలు పెంచుకుందామని మనవాళ్లూ తెచ్చుకుంటున్నారు. చిక్కల్లా ఇంటికొచ్చాకే. ఒక తొట్టిలో పిల్ల ఇంకో తొట్టిలోకి చేరిపోతుంది. ‘అసార్టెడ్’ అని రాసిన తొట్టిలో ఏ జాతులున్నాయో ఒక్కోసారి అమ్మేవాళ్లకే తెలియదు. పెద్ద కోడిని రంగు చూసి డేగ, కాకి అనేయొచ్చు గానీ నూగు పిల్లల దగ్గర ఆ లెక్క కుదరదు. ముందు కాళ్లు, తర్వాత తల, ఆఖరున రంగు చూడాలి.

1. జాబితా అడగండి

ఆ వారం ఏ హ్యాచరీ నుంచి ఏయే జాతులు వచ్చాయో స్టోర్‌లో కనుక్కోండి. వెతుకులాట అయిదారు పేర్లకు తగ్గిపోతుంది. ‘పుల్లెట్’ అంటే పెట్టలుగా ఏరినవి. ‘స్ట్రెయిట్ రన్’ అంటే ఏరనివి, సగం దాకా పుంజులు తేలొచ్చు. ‘అమెరికానా’ అని బోర్డు కనిపిస్తే అవి చాలావరకు ఈస్టర్ ఎగ్గర్ అనే సంకర పిల్లలే.

2. కాళ్లు చూడండి

పిల్లను అరచేతిలోకి తీసుకుని మంచి వెలుతురులో చూడండి. చలి తగలకముందే మళ్లీ వెచ్చటి చోట వదిలేయండి. కాళ్ల మీద నూగు ఉంటే బ్రహ్మా, కొచ్చిన్, సిల్కీ, మరాన్స్ వంటివి కావచ్చు. తర్వాత వేళ్లు లెక్కపెట్టండి. మామూలుగా నాలుగే. కాళ్లకు నూగుండి అయిదు వేళ్లుంటే సిల్కీ గానీ ఫావరోల్ గానీ. సిల్కీ చర్మం మన కడక్‌నాథ్ చర్మంలాగే నల్లగా ఉంటుంది, ఫావరోల్‌ది తెలుపు. కాళ్లు తెల్లగా, కాస్త గులాబీ ఛాయతో ఉంటే ఆర్పింగ్టన్‌ను, ఆకుపచ్చగా గానీ బూడిద రంగులో గానీ ఉంటే ఈస్టర్ ఎగ్గర్‌ను అనుమానించండి.

3. తల చూడండి

ముక్కు పైన తురాయి మొలక కనిపిస్తుంది. రంపం పళ్లలా నిలువుగా ఒకే వరుస ఉంటే రోడ్ ఐలాండ్ రెడ్, లెగ్‌హార్న్, ఆర్పింగ్టన్ వంటివి. వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటే వయండాట్ కావచ్చు. మన పందెం కోడి అసీల్‌కు ఉన్నట్టు చిన్నగా అణిగి ఉంటే బ్రహ్మా, లేదా ఈస్టర్ ఎగ్గర్. బుగ్గలు ఉబ్బినట్టు నూగు గుబురుగా ఉంటే ఈస్టర్ ఎగ్గర్ వైపే మొగ్గండి. నెత్తిన నూగు బంతిలా లేస్తే అది పోలిష్.

4. ఇప్పుడు రంగు

నల్ల పిల్ల నెత్తిన తెల్ల మచ్చ ఉంటే బార్డ్ రాక్ కావచ్చు, బ్లాక్ సెక్స్ లింక్ పుంజూ కావచ్చు. పుల్లెట్ల తొట్టిలోదైతే బార్డ్ రాక్‌కే అవకాశం ఎక్కువ. మచ్చ లేకుండా పొట్ట, రెక్కల కొసలు తెల్లగా ఉంటే ఆస్ట్రలార్ప్‌ను తలచుకోండి. వీపు మీద ఉడుత చారలుంటే బ్రౌన్ లెగ్‌హార్న్, వెల్సమర్, ఈస్టర్ ఎగ్గర్ మూడింటినీ పరిశీలించాలి.

అసలు తికమక పసుపు పిల్లలతోనే. బంగారు ఛాయ, తెల్లటి కాళ్లు ఉంటే బఫ్ ఆర్పింగ్టన్. లేత పసుపు నూగు, సన్నటి ఒళ్లు, పసుపు కాళ్లు ఉంటే వైట్ లెగ్‌హార్న్. లావుపాటి కాళ్లు ఎడంగా పెట్టుకుని, మేత గిన్నె దగ్గరే కూర్చుని తింటూ, తోటి పిల్లల కంటే వేగంగా బరువెక్కుతుంటే అది కార్నిష్ క్రాస్, అంటే మాంసం కోడి.

5. వారం వారం ఫొటో తీయండి

కాళ్లకు రంగు రింగులు వేసి, ఒక్కో పిల్లనూ పక్క నుంచీ ఎదుటి నుంచీ ఫొటో తీయండి. కాళ్లు లావెక్కే కొద్దీ రింగులు మార్చాలి. రెండు మూడు వారాలకు రెక్కల ఈకలు విచ్చుకుంటాయి. సుమారు ఆరు వారాలకు ఒళ్లంతా ఈకలొస్తాయి, అప్పటికి చాలా పేర్లు తేలిపోతాయి.

అన్నిటి పేర్లూ వెంటనే తెలియకపోయినా నష్టం లేదు. కార్నిష్ క్రాస్ ఉందా లేదా అన్నది మాత్రం మొదటి రెండు వారాల్లోనే తేల్చుకోండి. దాన్ని ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కోతకు వచ్చేలా రూపొందించారు. గుడ్ల కోసమని ఉంచేస్తే బరువుకు కాళ్లు, గుండె దెబ్బతింటాయి.