నున్నరాతి బాట

అమెరికా దేశమున యూటా రాష్ట్రములో మోయాబు అను చిన్న పట్టణము కలదు. దాని చెంత ఇసుకరాతి ఎడారిలో 1969లో మోటారు సైకిళ్ల కొఱకు ఒక బాటను ఏర్పఱచిరి. అది కొండసైకిళ్లవారికిని మిక్కిలి ప్రియమైనది. దాని పేరు ‘స్లిక్‌రాక్’, అనగా నున్నని రాయి. ఇనుపలాడములు గల గుఱ్ఱములు దానిపై జాఱుచుండుటచే ఆ పేరు కలిగెనందురు. కాని రబ్బరు చక్రములకు ఆ రాయి చక్కని పట్టునిచ్చును.

బాట పొడవు సుమారు 16 కిలోమీటర్లు. రాతిపై వేసిన తెల్లని గీతలే త్రోవ చూపును. నీడ అరుదు, త్రాగునీటిని వెంట గొనిపోవలెను.

గీతను విడిచి ప్రక్కనేలపై త్రొక్కినచో నేమగును? అచట నల్లని గరుకుపొర కనబడును. చూపునకది వట్టి మన్ను, నిజమునకది సజీవము. సూక్ష్మజీవులును నాచును కలిసి ఇసుకరేణువులను గాలికి ఎగురకుండ బంధించును. మొక్కలకు నత్రజనిని సమకూర్చును. ఒక్క చక్రపుజాడచే చితికిన ఆ పొర మరల ఏర్పడుటకు దశాబ్దములు పట్టవచ్చును.

బాలలారా! అడ్డదారి వలన మిగులునది ఒక్క నిమిషము. దాని వెల చెల్లింపవలసినది ఆ నేల. దీనినెఱిగి రాతిని విడువక పోవువాడే మంచి సైకిలు రౌతు.