మూడున్నర కిలోల సంచి: మంచుదేశాల స్కీ క్లబ్బులు నేర్పే ఆరోగ్య పాఠం



ఈ మధ్య బి.పి. చూపించుకోవడానికి మా ఓ.పి.కి వచ్చిన ఒక తల్లిగారు, చీటీ తీసుకుని వెళ్లబోతూ ఆగి ఒక మాట అడిగారు. "సిస్టరమ్మా, మా అబ్బాయి అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. నలభై రెండేళ్లు. పిల్లలతో కలిసి మంచుమీద జారే ఆట క్లబ్బులో చేరాడంట. ఫిబ్రవరిలో యాభై కిలోమీటర్ల పందేనికి పేరు కూడా ఇచ్చాడంట. మొన్నటిదాకా రెండంతస్తులు ఎక్కితేనే ఆయాసపడేవాడు. గుండెకేమన్నా అవుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మమ్మల్నీ ఈ చలికాలం రమ్మంటున్నాడు. వెళ్లమంటారా?"

ఓ.పి. రద్దీలో నిలబడి చెప్పిన నాలుగు మాటలు ఆమెకు చాలవనిపించింది. మన సంఘ కుటుంబాల పిల్లలు ఎంతోమంది ఇప్పుడు మంచు కురిసే దేశాల్లో ఉన్నారు. అందుకే ఈ నెల పాఠం ఈ ఆట గురించి.

ఈ ఆట ఏమిటి?

సినిమాల్లో కొండ మీదనుంచి కిందికి దూసుకువచ్చే స్కీయింగ్ వేరు. ఇది క్రాస్ కంట్రీ స్కీయింగ్. సన్నగా, పొడవుగా ఉండే రెండు పలకలను బూట్ల ముందుభాగానికి తగిలిస్తారు. మడమ నడకలో లేచినట్టే లేస్తూ ఉంటుంది. రెండు చేతుల్లో రెండు కర్రలు. చదును నేల మీదా, ఎక్కుడులోనూ, దిగుడులోనూ మైళ్లకొద్దీ సాగిపోతారు. మంచులో ముందే వేసిన గాడుల్లో నడిచినట్టు వెళ్లేది పాత పద్ధతి. పక్కలకు తోసుకుంటూ వెళ్లేది స్కేటింగ్ పద్ధతి.

ఈ ఆటలో కాళ్లతోపాటు భుజాలు, వీపు, పొట్ట కండరాలు అన్నీ పనిచేస్తాయి. అందువల్ల గుండెకు, ఊపిరితిత్తులకు మంచి వ్యాయామం. పాదం నేలకు కొట్టుకోకుండా జారుతుంది కాబట్టి పరుగుతో పోలిస్తే మోకాళ్ల మీద దెబ్బ తక్కువ. వయసు మళ్లినవారు కూడా కొనసాగించగలగడానికి ఇదొక కారణం.

సంచి కథ

ఈ ఆటకు పుట్టినిల్లు నార్వే, స్వీడన్ దేశాలు. 1206లో నార్వేలో అంతర్యుద్ధం జరుగుతోంది. రెండేళ్లు నిండని హాకోన్ అనే రాజకుమారుని శత్రువులు చంపుతారనే భయంతో బిర్కెబైనర్లు అనే పక్షానికి చెందిన యోధులు ఆ పసివాణ్ణి తీసుకుని, చలికాలపు మంచులో స్కీల మీద కొండలు దాటారు. ఆ బిడ్డ బతికాడు. 1217లో రాజయ్యాడు.

దానికి గుర్తుగా 1932 నుంచి నార్వేలో బిర్కెబైనర్ పందెం జరుగుతోంది. రేనా నుంచి లిల్లెహామర్ వరకు 54 కిలోమీటర్లు. ఆ బిడ్డకు బదులుగా వీపున కనీసం మూడున్నర కిలోల సంచి మోయడం ఆ పందెపు సంప్రదాయం. ప్రసూతి వార్డులో రోజూ పసిబిడ్డలను తూచే మాకు ఈ లెక్క వెంటనే అర్థమైంది. మూడున్నర కిలోలంటే పుష్టిగా పుట్టిన బిడ్డ బరువు.

ఆ తల్లిగారి అబ్బాయి పేరిచ్చిన అమెరికా పందెం కూడా ఈ కథ పేరుతోనే నడుస్తోంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో కేబుల్ నుంచి హేవర్డ్ వరకు జరిగే ఈ పందెం 1973లో మొదలైంది. చిన్నపిల్లలకు బార్నెబిర్కీ అనే పొట్టి పందెం విడిగా ఉంటుంది.

పిల్లలకు: గెలుపు కాదు, అలవాటు

నార్వేలో స్కీ క్లబ్బంటే ఊరి కుటుంబాలన్నీ కలిసే చోటు. సాయంత్రం దీపాలు వెలిగించిన బాటల మీద పిల్లలు పట్టుకునే ఆటలు ఆడతారు, చిన్న చిన్న మంచు దిబ్బలు దూకుతారు. ఆడుతూనే తూకం నిలుపుకోవడం నేర్చుకుంటారు. తల్లిదండ్రులు జీతం లేకుండా బాటలు సిద్ధం చేస్తారు, సమయం రాస్తారు, వేడి పానీయాలు అందిస్తారు. క్రిస్మస్ ముందు మనం శ్రమదానంగా చర్చి ఆవరణ బాగుచేసుకుంటామే, అలాంటిదే ఇది.

అక్కడి క్రీడా సమాఖ్య 1987లో పిల్లల ఆటలకు నియమాలు చేసింది. వాటిని తర్వాత సవరిస్తూ వచ్చారు. వాటి ప్రకారం పదకొండో ఏడు వచ్చేదాకా ఎవరు మొదట, ఎవరు చివర అనే పట్టికలు ప్రకటించరు. బహుమతి ఇస్తే అందరికీ ఇస్తారు. ఇలా పెంచిన దేశమే శీతాకాల ఒలింపిక్స్‌లో పతకాల పట్టికకు పైన నిలుస్తూ వస్తోంది. ఒకటో తరగతి నుంచే ర్యాంకులు లెక్కించే మనం దీని గురించి ఒకసారి ఆలోచించాలి.

కెనడా క్లబ్బులలో పిల్లల తరగతులకు "జాక్‌రాబిట్" అనే పేరుంది. అంటే చెవులపిల్లి. అది హెర్మన్ స్మిత్ జొహాన్సెన్ గారి ముద్దుపేరు. ఆయన 1875లో నార్వేలో పుట్టి, కెనడాలో ఊరూరా స్కీ బాటలు వేసి, నూరేళ్లు దాటాక కూడా స్కీయింగ్ చేసి, 1987లో 111 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆరేళ్ల పిల్లల తరగతికి అంత పండు ముసలివారి పేరు పెట్టుకున్నారంటే, ఈ ఆటను జీవితాంతం సాగే అలవాటుగా వారెంత తలచారో తెలుస్తుంది.

తల్లులకు, పెద్దలకు

స్వీడన్‌లో సాలెన్ నుంచి మోరా వరకు 90 కిలోమీటర్ల వాసలోపెట్ అనే పందెం 1922 నుంచి ఉంది. 1923లో మార్గిట్ నార్దిన్ అనే స్త్రీ దాన్ని పూర్తి చేశారు. మరుసటి ఏడే స్త్రీలకు ఆ పందెం మూసేశారు. మళ్లీ తలుపు తెరిచింది 1981లో. ఈనాడు స్త్రీలు వేల సంఖ్యలో పాల్గొంటున్నారు. నార్వే క్రీడాకారిణి మారిట్ బ్యోర్గెన్ 2015 డిసెంబరులో బిడ్డను కన్నారు. 2018 ఒలింపిక్స్‌లో 37 ఏళ్ల వయసులో ఐదు పతకాలు తెచ్చారు. కాన్పుతో ఒంట్లో శక్తి అంతా పోయిందని నిరుత్సాహపడే చెల్లెళ్లకు ఈ సంగతి చెబుతుంటాం. అయితే కాన్పు తర్వాత వ్యాయామం డాక్టరుగారిని అడిగి, మెల్లగా మొదలుపెట్టాలి.

పెద్దల అంతర్జాతీయ పోటీలలో 30 ఏళ్ల నుంచి ఐదేసి సంవత్సరాలకు ఒక తరగతి చేస్తారు. డెబ్బై ఏళ్లవారు ముప్పై ఏళ్లవారితో పోటీ పడనక్కరలేదు.

శిక్షణ రహస్యం: నెమ్మది

గొప్ప స్కీ క్రీడాకారులు రోజూ ఒళ్లు హూనం చేసుకుంటారని చాలామంది అనుకుంటారు. కాని వారి శిక్షణ గంటల్లో పదింట ఎనిమిది, తొమ్మిది వంతులు తేలికైన వేగంతోనే సాగుతాయి. కష్టమైన వేగం కొద్దిపాటే. మంచు లేని వేసవిలో కూడా నడక, కొండలెక్కడం, చక్రాల స్కీల మీద సాధన మానరు. ఏడాదంతా చేసినదానికి పందెం ఒక పరీక్ష రోజు మాత్రమే.

తేలికైన వేగమంటే ఎంత? పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం ఎక్కువైందని గుర్తు. ఈ కొలతకు యంత్రమేదీ అక్కరలేదు.

పందెం మంచిదా, ప్రమాదమా?

స్వీడన్ పరిశోధకులు వాసలోపెట్‌లో పాల్గొన్నవారిని ఎన్నో ఏళ్లు గమనించారు. 2003లో వెలువడిన ఫలితం ప్రకారం, ఆ దేశపు సాధారణ ప్రజలతో పోలిస్తే వీరిలో మరణాలు సుమారు సగమే. అయితే ఆ ఫలమంతా ఒక్క పందెం రోజు వల్ల వచ్చింది కాదు. అలాంటి పందేనికి వచ్చేవారు మొదటినుంచీ ఆరోగ్యంగా, క్రమంగా ఉండేవారు కూడా.

రెండో వైపు కూడా చూడాలి. సుమారు 52 వేల మంది వివరాలతో 2013లో వచ్చిన మరో పరిశోధనలో, ఆ పందెం ఐదుసార్లు లేక అంతకన్నా ఎక్కువ పూర్తి చేసినవారిలో గుండె లయ తప్పే జబ్బులు, ఒక్కసారే చేసినవారికన్నా సుమారు 30 శాతం ఎక్కువ కనబడ్డాయి. కనుక వ్యాయామం గుండెకు మేలే కాని, ఏళ్ల తరబడి శరీరాన్ని అంచుదాకా తోయడం వేరు సంగతి. గుండె దడదడలాడినా, లయ తప్పినట్టనిపించినా ఎంతటి క్రీడాకారుడైనా ఇ.సి.జి. తీయించుకోవాలి.

జబ్బులున్నవారు గుర్తుంచుకోవలసినవి

షుగర్: అమెరికా స్కీ క్రీడాకారుడు క్రిస్ ఫ్రీమన్‌కు 2000లో టైప్ 1 షుగర్ వ్యాధి ఉన్నట్టు తెలిసింది. అయినా ఆయన నాలుగు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 2010లో వాంకూవర్ ఒలింపిక్స్ 30 కిలోమీటర్ల పందెంలో రక్తంలో చక్కెర పడిపోయి మంచులో పడిపోయారు. బాట పక్కనున్నవారు తీపి పానీయం ఇస్తే, లేచి పందెం పూర్తి చేశారు. ఇన్సులిన్ తీసుకునేవారు వ్యాయామానికి ముందు షుగర్ చూసుకోవాలి, జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి, ఒంటరిగా వెళ్లకూడదు. తిమ్మిరి ఉన్న పాదాలకు చలి దెబ్బ తెలియదు. ఇంటికి రాగానే వేళ్లు చూసుకోవాలి.

ఉబ్బసం: చల్లని పొడిగాలి ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. ఈ ఆటలో ఆరితేరినవారిలో కూడా ఉబ్బసం ఎక్కువే. నోరు, ముక్కు కప్పే గుడ్డ, డాక్టరు రాసిన ఇన్హేలరు దగ్గరుండాలి.

బి.పి., గుండె: చలిలో రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి సహాయం కోరాలి.

జ్వరం: జ్వరం ఉన్నప్పుడు ఏ పందెమూ వద్దు. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరానికి వాపు తెస్తాయి.

చలికాలంలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు

1. బి.పి., షుగర్ మందులు సరిపడా తీసుకుని వెళ్లండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. విమానంలో చేతిసంచిలోనే ఉంచుకోండి.
2. గట్టిపడిన మంచు మీద జారిపడి తుంటి ఎముక, మణికట్టు విరగడం సాధారణం. పట్టున్న బూట్లు వేసుకుని, చిన్న అడుగులు వేయండి.
3. "ఊరికే కూర్చున్నాం కదా" అని పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తవద్దు. చలిలో ఆ హఠాత్తు శ్రమ గుండెపోటు తెచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.
4. వేళ్లు, చెవులు తెల్లబడి స్పర్శ పోతే రుద్దవద్దు, నిప్పు దగ్గర పెట్టవద్దు. వెచ్చని గదిలోకి వెళ్లి గోరువెచ్చని నీటిలో ఉంచి, డాక్టరుకు చూపించండి.

ఆ తల్లిగారికి చెప్పినది

రెండు వారాల తర్వాత ఆమె మళ్లీ వచ్చినప్పుడు ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పాం. "అబ్బాయిని వద్దనకండమ్మా. ముందు డాక్టరుకు చూపించుకోమనండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే ఆ సంగతి దాచవద్దనండి. ఈ ఏడు పొట్టి పందెం చేసి, సాధన మానకుండా ఉంటే వచ్చే ఏడు పెద్దది చూసుకోవచ్చనండి" అన్నాం. ఆమె కాసేపు ఊరుకుని, "వాళ్ల నాన్న తమ్ముడు ముప్పై ఆరేళ్లకే కూర్చున్నచోటే పోయాడమ్మా. ఆ సంగతి పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. ఆ రాత్రే ఫోను చేసి చెప్పమన్నాం. దాచుకున్న ఒక్క మాట వైద్యుడికి తెలిస్తే ఒక ప్రాణం నిలబడవచ్చు.

పౌలు భక్తుడు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో, పందెంలో పోరాడేవాడు అన్ని విషయాలలో తనను అదుపులో ఉంచుకుంటాడని జ్ఞాపకం చేశాడు. ఆ అదుపులో నెమ్మది కూడా ఉంది. ఆ పందెపు సంచి చెప్పే సంగతి కూడా ఇంతే. మన ఒంట్లో దేవుడిచ్చిన బలం పదిమందిని దాటిపోవడానికే కాదు, మన మీద ఆధారపడిన బిడ్డను క్షేమంగా గమ్యం చేర్చడానికి.

ఇంటిలో చర్చించుకోండి

1. మన వ్యాయామం మాట్లాడగలిగే వేగంలో ఉందా?
2. మన కుటుంబంలో గుండె జబ్బు, హఠాత్తు మరణం గురించి పిల్లలకు చెప్పామా?
3. ఆటలో ఓడి వచ్చిన బిడ్డతో మనం మొదట అనే మాట ఏమిటి?

ప్రభువు మీకును, దూరదేశాలలో ఉన్న మీ పిల్లలకును ఆరోగ్యము అనుగ్రహించును గాక. ఆమెన్.